మద్యము సరిపడని శరీరములు

ఒకే కుండలోని కల్లును నలుగురు త్రాగుదురు. ముగ్గురు మామూలుగా లేచి ఇండ్లకు పోవుదురు. నాల్గవ వ్యక్తికి 10 మొదలు 30 నిమిషములలో ముఖము కందగడ్డవలె ఎఱ్ఱబడును, గుండె దడదడ కొట్టుకొనును, తల పగిలిపోవుచున్నట్లుండును, చెమటలు, వాంతులు పట్టును. గాలి సోకినదని ఒకరు, తోటివారు ఏదో కలిపినారని మరియొకరు అందురు. తగవు పంచాయతీ సభ్యుని గడపకు వచ్చును. కావున ఇందలి కారణము సభ్యులకు తెలిసియుండుట అవసరము.

త్రాగిన మద్యమును విరిచివేయు పని ముఖ్యముగా కాలేయమునది. అది రెండంచెలుగా జరుగును. మొదట ఆల్కహాలు ఎసిటాల్డిహైడు అను విషపదార్థముగా మారును. పిదప ఒక ఎంజైము ఆ విషమును హానిలేని ఎసిటేటుగా మార్చును. ఈ రెండవ పని మందగించినచో విషము రక్తములో పేరుకొని పైన చెప్పిన లక్షణములను పుట్టించును. చైనా, జపాను, కొరియా దేశముల ప్రజలలో సుమారు మూడవవంతు మందికి ఈ ఎంజైము పుట్టుకతోనే బలహీనము. అట్టివారు త్రాగుట మానకున్న అన్నవాహికకు క్యాన్సరు సోకు ప్రమాదము హెచ్చు. మన దేశములో ఈ లోపము అరుదు. ఉబ్బసము గలవారిలో కొందరికి వైను, బీరులలోని ఇతర పదార్థములు ఆయాసమును రేపుటయు కలదు. కాని మన గ్రామములలో ముందుగా అనుమానింపవలసినది మందుబిళ్ళను.

ఈ సంగతి బయటపడిన తీరు విచిత్రమైనది. రబ్బరు పరిశ్రమలో వాడు కొన్ని రసాయనములతో పనిచేయు కార్మికులు మద్యమును సహింపలేకున్నారని 1937లో అమెరికాలో విలియమ్స్ అను వైద్యుడు గమనించెను. తరువాత డెన్మార్కులో హాల్డ్, యాకబ్సెన్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు అదే జాతికి చెందిన డైసల్ఫిరాం అను పదార్థమును కడుపులోని పురుగులకు మందుగా పరీక్షింపదలచి, తామే మ్రింగి చూచిరి. ఆపైన మద్యము పుచ్చుకొనగా ఇరువురును అస్వస్థులైరి. 1948లో వారు ఈ విషయమును ప్రకటించిరి. త్రాగుడు మాన్పించుటకు వైద్యులు నేటికిని ఈ బిళ్ళను ఇచ్చుచున్నారు.

ఇచట ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. ఈ బిళ్ళను భర్తకు తెలియకుండ కూరలోనో, మజ్జిగలోనో కలిపి పెట్టు ఇల్లాండ్రు కలరు. వారి కష్టము నెఱిగినవారెవరును వారిని నిందింపజాలరు. అయినను ఆ పని ప్రమాదకరము. సంగతి తెలియని ఆ మనిషి ఎప్పటివలెనే త్రాగును. రక్తపు పోటు పడిపోయి, ముఖ్యముగా గుండెజబ్బు గలవాడైనచో, ప్రాణమే పోవచ్చును. విషము పెట్టినదన్న నింద ఆ ఇల్లాలిపై పడును. బిళ్ళను ఆపిన తరువాత కూడ రెండు వారముల వరకు దాని ప్రభావము ఉండవచ్చును. ఎవరైనను ఈ విషయమై సలహాకు వచ్చినచో సభ్యులు వారిని వైద్యునియొద్దకు పంపవలెను. గుండెను, కాలేయమును పరీక్షించి, త్రాగువాని సమ్మతితో ఇచ్చినపుడే ఇది మందు. మానవలెనను కోరిక అతనికున్నచో ఇది మంచి కాపలాదారు. దీనిని వాడువారు అరిష్టములు, ఆసవములు, ఆల్కహాలు కలిసిన దగ్గు టానిక్కులు సైతము పుచ్చుకొనరాదు. పులియుటచే పుట్టిన ఆల్కహాలు అరిష్టములలో ఉండును.

జిగట విరేచనములకు విరివిగా వాడు మెట్రోనిడజోల్ విషయములోను జాగ్రత్త అవసరము. దానిని వాడుచున్నంతకాలము, ఆపిన పిదప మూడు దినములును మద్యము ముట్టరాదని వైద్యులు చెప్పుదురు.

ఒక్కనికే ఇట్లయినచో అతడు ఏ మందులు వాడుచున్నాడో ఇంటివారిని నెమ్మదిగా అడుగవలెను. నిందమోపు ధోరణిలో అడిగినచో నిజము బయటికి రాదు. వాంతియగుచున్న వానిని ప్రక్కకు తిప్పి పరుండబెట్టి, బలవంతముగా ఏమియు త్రాగింపక, 108 వాహనమును పిలిపించి, బిళ్ళల అట్టను వెంట పంపవలెను. ఒకేచోట త్రాగిన పలువురు జబ్బుపడినచో మాత్రము అది శరీరతత్త్వము కాదు. కల్తీ మద్యములోని మిథనాల్ అను విషము కావచ్చును. దాని లక్షణములు మరునాటికి గాని బయటపడకపోవచ్చును. చూపు మసకబారినదని ఒక్కడు చెప్పినను చాలును. బాగుగా ఉన్నామనువారితో సహా, దానిని త్రాగిన వారినందరిని వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. మిగిలిన మద్యమును పారబోయక సీసాతోనే పంపవలెను.