కిలో బిడ్డకు పదకొండున్నరేళ్ల చదువు

ఏడో నెలలో పుట్టినా బతికి బట్టకడతారు గానీ, ఎనిమిదో నెలలో పుడితే నిలవరని మన ఇళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ అంటుంటారు. నవజాత శిశువుల వార్డులో పనిచేసే ఏ డాక్టరును అడిగినా ఈ మాటను కొట్టిపారేస్తారు. కడుపులో గడిచే ఒక్కో వారం బిడ్డ ఊపిరితిత్తులకు, మెదడుకు, పాలు చప్పరించి మింగే నేర్పుకు కలిసొస్తుంది. ఏడో నెల బిడ్డ కన్నా ఎనిమిదో నెల బిడ్డ దక్కే అవకాశమే ఎక్కువ. కాకపోతే ఆ అవకాశాన్ని చేజారనివ్వని మనిషి పక్కన ఉండాలి.

1963 ఆగస్టు 7న అమెరికా అధ్యక్షుడు జాన్ కెనెడీకి అలా నెలలు నిండకుండానే కొడుకు పుట్టాడు. పేరు పాట్రిక్. గడువుకు ఐదున్నర వారాల ముందే కాన్పయింది. బరువు 2 కిలోల 100 గ్రాములు. పుట్టిన కాసేపటికే ఆయాసం మొదలైంది. బోస్టన్ తీసుకెళ్లారు, అక్కడి పిల్లల ఆసుపత్రిలో అధిక పీడనంతో ఆక్సిజన్ ఇచ్చే గదిలో ఉంచారు. 39 గంటలకే ప్రాణం పోయింది. విచిత్రమేమిటంటే ఆ జబ్బు గుట్టు అప్పటికే తెలుసు. ఊపిరితిత్తుల్లోని గాలిగదులు ముడుచుకుపోకుండా లోపల పూతగా ఉండాల్సిన సర్ఫక్టెంట్ అనే పదార్థం ఈ పిల్లల్లో చాలినంత ఉండదని నాలుగేళ్ల ముందే, 1959లో, మేరీ ఎలెన్ ఏవరీ బయటపెట్టారు. అదీ బోస్టన్‌లోనే. కారణం తెలిసింది గానీ మందు లేదు, అంత చిన్న బిడ్డకు సరిపడే వెంటిలేటర్ లేదు, ఆ పనిలోనే చెయ్యి తిరిగిన డాక్టర్లు చాలా కొద్దిమంది. అమెరికాలో నవజాత శిశువుల వైద్య విభాగానికి, అంటే నియోనేటాలజీకి, తొలి బోర్డు పరీక్ష జరిగింది 1975లో. ఇవాళ అదే బరువు బిడ్డ మన దగ్గర ఓ మంచి జిల్లా ఆసుపత్రిలో పుడితే, ముక్కు గొట్టాల ద్వారా గాలి పంపే సీప్యాప్ సాయంతో కొన్ని రోజులు గడిపి, తల్లి ఒళ్లో ఇంటికి వెళ్లడం వార్త కానే కాదు.

మన దేశంలో ఈ వైద్యులంతా కలిసి నేషనల్ నియోనేటాలజీ ఫోరంగా ఏర్పడింది 1980లో. చండీగఢ్ పీజీఐలో 1989లో డీఎం నియోనేటాలజీ మొదలైంది. అంతకుముందు పసిగుడ్డు అయినా, పదేళ్ల పిల్లాడు అయినా ఒకే పిల్లల డాక్టరు చూసేవారు. ఇప్పుడు దారి ఇది: ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, హౌస్ సర్జన్సీ ఏడాది, పిల్లల వైద్యంలో ఎండీ మూడేళ్లు, ఆపైన డీఎం మరో మూడేళ్లు. మొత్తం పదకొండున్నర. మధ్యలో ఎంట్రన్సుల కోసం కూర్చునే సంవత్సరాలు ఇందులో లేవు. డీఎం సీటుకు నీట్ ఎస్‌ఎస్ రాయాలి; ఎయిమ్స్, పీజీఐ లాంటి జాతీయ సంస్థలకు విడిగా ఐఎన్‌ఐ ఎస్‌ఎస్ ఉంది. డీఎంకు సమానంగా జాతీయ పరీక్షల బోర్డు డీఆర్‌ఎన్‌బీ ఇస్తుంది. అంత సమయం పెట్టలేనివాళ్లకు ఏడాది ఫెలోషిప్పులున్నాయి. హైదరాబాద్‌లో నీలోఫర్‌లో డీఎం, ఫెర్నాండెజ్‌లో డీఆర్‌ఎన్‌బీ చేయొచ్చు. కాన్పులో తన పరిచారిక చనిపోయిందని కలత చెందిన నిజాం కోడలు నీలోఫర్ పూనికతో 1953లో వెలిసిన ఆసుపత్రికి, ఈ చదువుకు అదొక చక్కని చుట్టరికం.

ఎండీలో పసిపిల్లల వార్డు డ్యూటీ కొన్ని నెలలు పడుతుంది. మరి ఇంకో మూడేళ్లు దేనికి?

మొదటి జవాబు కొలతల్లో ఉంది. కిలో బరువున్న బిడ్డ ఒంట్లో రక్తం మొత్తం 80 నుంచి 90 మిల్లీలీటర్లు, ఇరానీ హోటల్లో ఇచ్చే కప్పు చాయ్ పాటి. పరీక్షలకని రోజూ రెండేసి మిల్లీలీటర్లు తీస్తూ పోతే వారం తిరక్కుండానే బిడ్డకు రక్తం ఎక్కించాల్సి వస్తుంది. కాబట్టి కొత్తగా చేరిన రెసిడెంటుకు మొదట నేర్పేది రక్తం తీయడం కాదు, ఈ పరీక్ష అసలు అవసరమా అని అడగడం. శ్వాసనాళంలోకి వేసే గొట్టం లోపలి వ్యాసం రెండున్నర మిల్లీమీటర్లు. అది పెదవి దగ్గర ఎన్ని సెంటీమీటర్ల గుర్తు వద్ద ఆగాలో తెలియడానికి, కిలోల్లో బరువుకు ఆరు కలపమని ఒక బండగుర్తు చెబుతారు. కిలో బిడ్డకు ఏడు. ఒక సెంటీమీటరు లోపలికి జారిందా, గాలంతా ఒక ఊపిరితిత్తిలోకే పోతుంది. అందుకే ప్లాస్టర్ అంటించేది ఎవరు, అంటించేటప్పుడు గొట్టాన్ని పట్టుకునేది ఎవరు అన్నది కూడా ముందే అనుకుంటారు. చాలాసార్లు పట్టుకునేది ఆ వార్డులో ఇరవై ఏళ్లుగా ఉన్న సిస్టరే. "సార్, కొంచెం పైకి లాగండి" అని ఆమె అంటే, ఎంత చదివిన రెసిడెంటయినా లాగుతాడు.

పుట్టిన తొలి నిమిషానికి వేరే శిక్షణ ఉంది. నెలలు నిండిన వందమంది పిల్లల్లో 85 మంది వాళ్లంతట వాళ్లే ఊపిరి అందుకుంటారు. తుడిచి, వీపు రుద్దితే ఇంకో పదిమంది ఏడుస్తారు. మిగిలిన కొద్దిమందికి మాస్కు పెట్టి గాలి అందించాలి, అదీ నిమిషంలోపే. గుండె మీద నొక్కే అవసరం వెయ్యిమందిలో ఏ ఒకరిద్దరికో వస్తుంది. సినిమాల్లోలాగా తలకిందులుగా పట్టుకుని పిర్ర మీద కొట్టడం ఎక్కడా లేదు. రెసిడెంటు కాన్పుకు ముందే వచ్చి వార్మర్ వేడెక్కిందా, తువ్వాళ్లు పొడిగా ఉన్నాయా, మాస్కు ఏ సైజు, సక్షన్ పనిచేస్తోందా అని ఒక్కొక్కటీ ముట్టుకుని చూస్తాడు. 32 వారాల లోపు బిడ్డయితే శుభ్రమైన ప్లాస్టిక్ సంచి కూడా సిద్ధంగా ఉంటుంది. తుడవకుండానే మెడదాకా అందులో ఉంచితే ఒళ్లు చల్లబడదు. ఈ పనులు ఇరవైసార్లు చేస్తే చేతికొస్తాయి. చేతికి రానిది ఇంకొకటుంది.

అది ఆక్సిజన్ కథ. 1940ల్లో అమెరికాలో ఇంక్యుబేటర్లు మెరుగయ్యాక నెలలు నిండని పిల్లలకు ఆక్సిజన్ ధారాళంగా ఇచ్చారు. బతికిన పిల్లల్లో చాలామందికి చూపు లేదు. ప్రపంచవ్యాప్తంగా సుమారు పదివేల మంది అంధులయ్యారని లెక్క. గాయకుడు స్టీవీ వండర్ చూపు పోయింది ఇలాగే. 1953-54లో 18 ఆసుపత్రులు కలిసి పరిశీలించి, ఎక్కువ ఆక్సిజనే కారణమని తేల్చాయి. వెంటనే అందరూ ఆక్సిజన్ కట్టడి చేశారు. చూపు నిలిచింది గానీ మరణాలు పెరిగాయి. ఒక్కో బిడ్డ చూపు కాపాడినందుకు సుమారు 16 మంది ప్రాణాలు పోయాయని 1973లో ఒక అంచనా వెలువడింది. ఎంత తక్కువైతే ప్రమాదం, ఎంత ఎక్కువైతే ప్రమాదం అన్న లెక్క ఇంకో నలభై ఏళ్లకు, వేలమంది పిల్లల మీద జరిగిన అధ్యయనాలతో గానీ తెగలేదు. ఇప్పుడు రక్తంలో ఆక్సిజన్ శాతం 90కి, 95కి మధ్య ఉండేలా చూస్తారు. మానిటర్ మీద 98 కనిపిస్తే బిడ్డ తండ్రి సంతోషిస్తాడు. ఆక్సిజన్ మీద ఉన్న బిడ్డకు ఆ అంకె కనిపిస్తే డీఎం విద్యార్థి చెయ్యి తగ్గించడానికి నాబ్ మీదికి వెళ్లాలి. వెళ్లకపోతే రౌండ్లలో చీవాట్లు తప్పవు.

ఇంత జాగ్రత్తపడినా కొందరిలో కంటి రెటీనా దెబ్బతింటుంది. అందుకే 34 వారాల లోపు, లేదా రెండు కిలోల లోపు పుట్టిన ప్రతి బిడ్డకూ నెలరోజుల్లోపు కంటి పరీక్ష చేయించాలి. మరీ చిన్న పిల్లలకు ఇంకా ముందే. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు 1990ల చివరి నుంచే జంటనగరాల నర్సరీలకు వెళ్లి ఈ పరీక్షలు చేస్తున్నారు. డిశ్చార్జి కాగితంలో ఆ తేదీ రాయడం మరిచిపోవడాన్ని చిన్న పొరపాటుగా ఏ ప్రొఫెసరూ తీసుకోరు, తీసుకోకూడదు కూడా.

పుస్తకంలో ఉన్నది ఇక్కడ చెల్లుతుందా అన్నది మరో పాఠం. పుట్టగానే ఊపిరి అందక మెదడు దెబ్బతిన్న బిడ్డ శరీరాన్ని 72 గంటలపాటు 33.5 డిగ్రీల దగ్గర చల్లగా ఉంచితే మేలని సంపన్న దేశాల అధ్యయనాలు చెప్పాయి. మన దేశంలోనూ చాలాచోట్ల మొదలుపెట్టారు. భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆసుపత్రుల్లో 408 మంది పిల్లలతో జరిగిన హెలిక్స్ అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి. చల్లబరచిన పిల్లల్లో 42 శాతం మంది, చల్లబరచని పిల్లల్లో 31 శాతం మంది చనిపోయారు. ఇది చదివాక ఎవరిని చల్లబరచాలి, ఎవరిని చల్లబరచకూడదు అన్న చర్చ ఇంకా నడుస్తూనే ఉంది. మూడేళ్ల కోర్సులో జర్నల్ క్లబ్బులు, థీసిస్, గణాంకాల తలనొప్పి ఉన్నది ఇందుకే. వచ్చే పదేళ్లలో ఏ వైద్యం తప్పని తేలుతుందో ముందే ఎవరూ చెప్పలేరు, తేలినప్పుడు చదివి గ్రహించే చూపు ఉండాలి.

యాంటీబయాటిక్స్ సంగతి మరీ గడ్డుది. ఢిల్లీలో మూడు పెద్ద ఆసుపత్రులు 13,530 మంది పిల్లలను పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, రక్తంలో ఇన్ఫెక్షన్‌కు అన్నిటికన్నా ఎక్కువగా కారణమైంది అసినెటోబాక్టర్ అనే సూక్ష్మజీవి. దానిలో ఎక్కువ భాగం పలు రకాల మందులకు లొంగనిది. బిడ్డ కొంచెం డల్‌గా ఉంటే పెద్ద మందు రాసెయ్యడం అందరికీ తెలిసిన దారి. కల్చర్ రిపోర్టు వచ్చాక, ఇన్ఫెక్షన్ లేదని తేలాక, మందు ఆపెయ్యమని రాత్రి డ్యూటీలో ఒంటరిగా నిర్ణయించడానికి గుండె నిబ్బరం కావాలి.

ఇక వార్డు బయట వరండా. అక్కడ వైద్యం వేరే భాషలో నడుస్తుంది. "బిడ్డ ఉమ్మనీరు తాగిందంటగా సార్, బాక్సులో ఎన్నాళ్లు పెడతారు?" అని తాత అడుగుతాడు. "రోజులు ఇప్పుడే చెప్పలేను పెద్దాయనా. ఇవాళ రాత్రి గడిస్తే రేపు పొద్దున రౌండ్లయ్యాక మళ్లీ మాట్లాడుకుందాం. ఈలోపు తల్లి పాలు పిండి పంపించండి, చుక్క అయినా సరే" అని రెసిడెంటు చెప్పాలి. ఆశ చంపకుండా, లేని ఆశ పెట్టకుండా. వెంటిలేటర్ ఇంకెన్నాళ్లు అని అడిగే తండ్రి కళ్లలో అప్పు లెక్క కూడా ఉంటుంది. ఈ మాటలు ఏ పేపర్లోనూ ప్రశ్నగా రావు. సీనియర్ మాట్లాడుతుంటే పక్కన నిలబడి విని నేర్చుకోవాల్సిందే.

ఇంత చదువు చదివినవాళ్లు ఏ కొద్దిమందో. 2020లో మన దేశంలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు దాదాపు 30 లక్షలు, ప్రపంచంలో అన్ని దేశాల కన్నా ఎక్కువ. వీళ్లలో ఆసుపత్రి చేరేవాళ్లలో ఎక్కువమందికి దిక్కు డీఎం డాక్టరు కాదు, నవజాత శిశువుల ప్రత్యేక సంరక్షణ యూనిట్ (ఎస్‌ఎన్‌సీయూ) డాక్టరు. పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా జిల్లా ఆసుపత్రిలో 2003లో ఒక నమూనాగా మొదలైన ఈ యూనిట్లు ఇప్పుడు దేశంలో 900కు పైగా ఉన్నాయి. వాటిలో పనిచేసే డాక్టరుకు, నర్సుకు ఇచ్చే ప్రత్యేక శిక్షణ నాలుగు రోజుల తరగతులు, ఆపైన ఒక పెద్ద ఆసుపత్రిలో పద్నాలుగు రోజులు దగ్గరుండి చూడటం. పదకొండున్నరేళ్ల పక్కన పద్దెనిమిది రోజులు. అయినా ఈ యూనిట్లను తక్కువ చేసి మాట్లాడటం తగదు. పుట్టిన 28 రోజుల్లోపు చనిపోయే పిల్లలు 2005లో వెయ్యికి 37 మంది ఉంటే, 2020కి 20కి తగ్గారు. ఆ తగ్గుదలలో వీటి చెమట ఉంది. 2030కి ఆ సంఖ్య పదిలోపుకు రావాలన్నది ప్రభుత్వ లక్ష్యం. అక్కడిదాకా వెళ్లాలంటే నాబ్ ఎప్పుడు తగ్గించాలి, మందు ఎప్పుడు ఆపాలి అన్న తెలివిడి జిల్లాలకు చేరాలి. డీఎం చదివినవాళ్లలో చాలామంది నగరాల్లోని కార్పొరేట్ ఆసుపత్రులకో, విదేశాలకో వెళ్తున్నారని తప్పుపట్టడం తేలిక. పది పడకల వార్డును మూడు షిఫ్టుల్లో నడపడానికి సరిపడా నర్సులు లేని చోటికి వెళ్లి ఒక్కరే ఏం చేయగలరన్నది కూడా అడగాలి.

డిగ్రీతో పని లేకుండా జిల్లాకు చేరిన పాఠాలూ ఉన్నాయి. నెలలు నిండకముందే నొప్పులొచ్చిన తల్లికి డెక్సామెథసోన్ ఇంజక్షన్ 12 గంటలకొకటి చొప్పున నాలుగు డోసులు ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు తొందరగా పక్వానికొస్తాయి. 1972లో న్యూజిలాండ్‌లో లిగిన్స్, హోవీ ఇలాంటి మందుతోనే దీన్ని నిరూపించారు. పాట్రిక్ కెనెడీకి దక్కని సర్ఫక్టెంట్‌ను బిడ్డ ఒళ్లే తయారుచేసుకునేలా చేసే మందు ఇది. నిపుణులున్న ఆసుపత్రికి బిడ్డను పుట్టాక అంబులెన్సులో తరలించడం కన్నా, కడుపులో ఉండగానే తల్లిని తరలించడం మేలని డీఎం విద్యార్థులకు పదేపదే చెబుతారు. ఆ పెద్దాసుపత్రికి బయల్దేరదీసే ముందు తొలి డోసును ఊళ్లోని ఏఎన్‌ఎమ్మే ఇవ్వొచ్చని కేంద్ర ప్రభుత్వం 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది.