కళ్లె చెప్పే సాక్ష్యం

రెండు వారాలు దాటినా దగ్గు తగ్గని మనిషిని చూసినప్పుడు వైద్యుని మనస్సులో మెదిలే మొదటి అనుమానం క్షయ. సాయంకాలం వచ్చే జ్వరం, మందగించిన ఆకలి, తగ్గుతున్న బరువు ఆ అనుమానాన్ని బలపరుస్తాయి. ఎక్స్‌రే చిత్రంలో ఊపిరితిత్తిపై నీడ కనబడితే అది మరింత గట్టిపడుతుంది. అయినా అనుమానం అనుమానమే. నిమోనియా, క్యాన్సర్, ఎప్పుడో మానిపోయిన పాత గాయం కూడా ఎక్స్‌రేలో అటువంటి నీడనే చూపగలవు. నెలల తరబడి మందులు మింగవలసిన రోగికీ, అతనితో ఒకే గదిలో నిద్రించే పసిపిల్లలకూ కావలసింది రుజువు. ఆ రుజువు రోగి ఊపిరితిత్తుల లోతుల నుండి దగ్గి తీసిన కళ్లెలో ఉంటుంది. దీనినే కొన్ని ప్రాంతాలవారు తెమడ అనీ, మరికొన్ని చోట్ల గళ్ల అనీ అంటారు. చూడడానికే రోత పుట్టించే ఈ పదార్థం నుండి సత్యాన్ని రాబట్టే విధానం ఆధునిక వైద్యశాస్త్రం సాధించిన గొప్ప విజయాలలో ఒకటి.

1882 మార్చి 24వ తేదీన బెర్లిన్ నగరంలో శాస్త్రవేత్తల సభలో రాబర్ట్ కాక్ క్షయకు కారణమైన సూక్ష్మక్రిమిని కనుగొన్నట్లు ప్రకటించాడు. మరణిస్తున్న ప్రతి ఏడుగురిలో ఒకరిని ఈ వ్యాధే బలిగొంటున్నదని ఆయన ఆ సందర్భంలో పేర్కొన్నాడు. అంతవరకు క్షయ వంశపారంపర్యంగా వచ్చేదని నమ్మినవారే ఎక్కువ. ఇంతమంది ప్రాణాలు తీసిన క్రిమి అన్నాళ్లు కంటికి ఎందుకు చిక్కలేదన్న ప్రశ్నకు సమాధానం దాని దేహనిర్మాణంలో ఉంది. క్షయ క్రిమి కణకవచంలో మైకోలిక్ ఆమ్లాలనే మైనం వంటి కొవ్వు పదార్థాలు దట్టంగా ఉంటాయి. ఈ మైనపు తొడుగు వల్ల మామూలు రంగులు దానికి అంటవు. మందులు లోనికి చొరబడడం కష్టం. శరీరంలోని రక్షక కణాలు మింగినా అది ఒక పట్టాన చావదు. అయితే మనిషికి శత్రువైన ఆ తొడుగే క్రిమిని పట్టి ఇచ్చే ఆనవాలు కూడా అయింది. కళ్లె పరీక్షలలో చాలావాటికి ఈ విచిత్రమే ఆధారం.

కాక్ ప్రయోగించిన రంగు క్రిమికి పట్టడానికి దాదాపు ఒక రోజు పట్టేది. ఆనాటి సభలో శ్రోతగా ఉన్న పాల్ ఎర్లిక్ కొద్దికాలంలోనే ఇంకా మెరుగైన మార్గం కనిపెట్టాడు. ఒకసారి ఎర్రని రంగు లోనికి ఇంకితే ఆ క్రిమి దానిని ఆమ్లంతో కడిగినా విడిచిపెట్టదని ఆయన గ్రహించాడు. తక్కిన సూక్ష్మజీవులలో చాలావరకు ఆమ్లం తగలగానే రంగును కోల్పోతాయి. ఫ్రాంజ్ జీల్, ఫ్రెడరిక్ నీల్సన్ అనే జర్మన్ వైద్యులు ఈ పద్ధతిని సరిదిద్దారు. వారిద్దరి పేర్లతో జీల్-నీల్సన్ పద్ధతిగా అది నేటికీ వాడుకలో ఉంది. కొన్నేళ్ల తరువాత ఎర్లిక్ తన కళ్లెలోనే క్షయ క్రిములను చూడవలసి వచ్చింది. ఆరోగ్యం కోసం ఆయన ఈజిప్టు దేశానికి వెళ్లి కొంతకాలం గడిపి, కోలుకొని తిరిగి వచ్చాడు.

పరీక్ష ప్రయోగశాలలో మొదలవుతుందని అనుకోవడం పొరపాటు. అది రోగి చేతికి డబ్బీ ఇచ్చిన క్షణంలోనే మొదలవుతుంది. తెల్లవారి లేవగానే నోరు నీటితో పుక్కిలించి, గాలి వెలుతురు ఉన్న ఆరుబయట నిలబడి, రెండు మూడు సార్లు గట్టిగా ఊపిరి పీల్చి, ఛాతీ లోపలి నుండి దగ్గి డబ్బీలో ఉమ్మాలని రోగికి చెప్పాలి. రాత్రంతా ఊపిరితిత్తులలో చేరిన స్రావం ఉదయం కళ్లెలో వస్తుంది కనుక ఆ నమూనాకు విలువ ఎక్కువ. చెప్పేవారికి ఓపిక లేకపోతే రోగి నురుగుతో కూడిన ఉమ్మిని ఇచ్చి వెళ్లిపోతాడు. లాలాజలంలో క్రిమి కనబడకపోతే అందులో వింత లేదు. కాని నివేదికలో మాత్రం క్రిములు లేవనే నమోదవుతుంది. రోగి నిశ్చింతగా ఇంటికి వెళ్లి మళ్లీ దగ్గుతూనే ఉంటాడు. చిక్కగా, పసుపుపచ్చగా లేదా జిగురుగా ఉన్న రెండు నుండి ఐదు మిల్లీలీటర్ల కళ్లె పరీక్షకు సరిపోతుంది. రోగి వివరాలు మూతమీద కాక డబ్బీ పక్కభాగంపై రాయాలన్న నియమం చిన్నదిగా తోస్తుంది. కాని బల్లమీద పది డబ్బీల మూతలు తీసినప్పుడు ఒకరి మూత మరొకరి డబ్బీకి చేరితే జరిగే అనర్థం చిన్నది కాదు.

ప్రయోగశాలలో సాంకేతిక నిపుణుడు డబ్బీలోని కళ్లెలో చీముతో కూడిన చిక్కని భాగాన్ని వెదకి తీస్తాడు. ఖరీదైన పరికరాలేవీ లేని చోట భారతదేశంలో ఈ పనికి చాలాకాలంగా ఉపయోగపడుతున్నది చీపురు పుల్ల. ఒక నమూనాకు ఒక పుల్ల మాత్రమే వాడి, వెంటనే ఫినాల్ ద్రావణంలో పడవేస్తారు. కొత్త గాజు పలకపై రెండు సెంటీమీటర్ల వెడల్పు, మూడు సెంటీమీటర్ల పొడవున కళ్లెను పలుచగా, సమంగా పూస్తారు. పూత ఆరిన తరువాత పలక కింద అచ్చుకాగితం పెట్టి చూస్తే అక్షరాలు చదవడానికి వీలుండాలి. చదవలేకపోతే పూత మందమైందని అర్థం. ఒకసారి వాడిన పలకను కడిగి తిరిగి వాడడం కూడదు. గీతలలో చిక్కుకున్న పాత రోగి క్రిమి కొత్త రోగి క్రిమిగా లెక్కకు వచ్చే ప్రమాదం ఉంటుంది.

పూతను మంటపై కొద్దిసేపు ఆడించి పలకకు అంటుకునేలా చేసి, దానిపై కార్బాల్ ఫుక్సిన్ అనే ఎర్రని రంజకాన్ని పోస్తారు. కింది నుండి వేడి చేస్తే ఆవిరి లేస్తుంది. రంగు మరగకూడదు, ఎండిపోకూడదు. వేడికి మైనపు తొడుగు సడలి, రంగు లోనికి ప్రవేశిస్తుంది. ఐదు నిమిషాల తరువాత పలకను కడిగి, ఇరవై ఐదు శాతం గంధకికామ్లాన్ని రెండు నుండి నాలుగు నిమిషాలు ఉంచుతారు. అంతటి ఆమ్లధాటికి చీముకణాలు, నోటిలోని ఇతర బాక్టీరియాలు రంగు వదిలి వెలవెలబోతాయి. క్షయ క్రిమి మాత్రం ఎర్రగానే నిలుస్తుంది. చివరకు మిథిలీన్ బ్లూ పోసి అర నిమిషం తరువాత కడిగితే వెలిసిపోయినదంతా నీలమవుతుంది. సూక్ష్మదర్శినిలో వస్తువును వేయి రెట్లు పెద్దదిగా చూపే కటకంతో పరిశీలిస్తే నీలి నేపథ్యంపై సన్నని, కొద్దిగా వంగిన ఎర్రని గీతలు కనిపిస్తాయి. ఒక్కొక్కటి మిల్లీమీటరులో వెయ్యోవంతుకు ఒకటి నుండి నాలుగు రెట్ల పొడవు మాత్రమే ఉంటుంది.

కనబడడం ఒక ఎత్తు, లెక్కించడం మరొక ఎత్తు. సూక్ష్మదర్శినిలో ఒకసారి కంటికి కనిపించే వృత్తాన్ని క్షేత్రం అంటారు. క్రిములు లేవని చెప్పాలంటే కనీసం నూరు క్షేత్రాలు చూసి తీరాలి. నూరింటిలో తొమ్మిది లోపు కనబడితే స్వల్పం, పది నుండి తొంభై తొమ్మిది వరకు ఉంటే ఒక ప్లస్, ప్రతి క్షేత్రంలో ఒకటి నుండి పది వరకు ఉంటే రెండు ప్లస్‌లు, అంతకు మించితే మూడు ప్లస్‌లు అని నమోదు చేస్తారు. ఈ అంకెలు రోగి ఎంతగా వ్యాధిని వెదజల్లుతున్నాడో సూచిస్తాయి. ఒకే వ్యక్తి రోజుకు ఇరవై ఐదుకు మించి పలకలు చూడరాదన్న నిబంధన ఉంది. అలసిన కన్ను ముందుగా లోపించేది స్వల్పసంఖ్యలో ఉన్న క్రిముల దగ్గరే.

ఈ పద్ధతికి ఒక పెద్ద లోటు ఉంది. ఒక మిల్లీలీటరు కళ్లెలో కనీసం ఐదు వేల నుండి పది వేల క్రిములు ఉంటేనే సూక్ష్మదర్శినిలో కనబడే అవకాశం ఉంటుంది. వ్యాధి తొలిదశలో ఉన్నవారు, పిల్లలు, హెచ్.ఐ.వి. సోకినవారు తరచుగా ఈ పరీక్షకు అందకుండా పోతారు. అటువంటివారి కోసం ఏర్పడిన మార్గం వర్ధన పరీక్ష, అనగా క్రిమిని ఆహారంపై పెంచి చూడడం. మిల్లీలీటరుకు పది నుండి వంద వరకు ఉన్నా ఇది పట్టుకొంటుంది. కాని ఇక్కడే అసలు చిక్కు ఎదురవుతుంది. కళ్లె గొంతు, నోరు దాటి వస్తుంది కనుక దానిలో అసంఖ్యాకమైన ఇతర బాక్టీరియాలు కలుస్తాయి. వాటిలో కొన్ని అర గంటలోపే రెండింతలవుతాయి. క్షయ క్రిమి ఒక్కసారి విభజన చెందడానికి పదిహేను నుండి ఇరవై గంటలు తీసుకొంటుంది. రెండింటినీ ఒకే ఆహారంపై పెడితే తెల్లవారేసరికి కలుపు మొక్కలు పొలాన్నంతా ఆక్రమించినట్లవుతుంది.

కలుపు తీయడానికి వాడే ఆయుధం కాస్టిక్ సోడా. 1915లో పెట్రాఫ్ అనే శాస్త్రవేత్త ప్రకటించిన పద్ధతిలో కళ్లెకు సమపరిమాణంలో నాలుగు శాతం సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం కలుపుతారు. ఆ క్షారం ఇతర బాక్టీరియాలను చంపి, జిగురును కరిగిస్తుంది. మైనపు తొడుగు గల క్షయ క్రిమి తట్టుకొంటుంది. అయితే అది కూడా కొంతసేపే. పదిహేను ఇరవై నిమిషాలు దాటితే దానికీ చావు తప్పదు. 1963లో వెలువడిన మరొక పద్ధతిలో ఎన్-అసిటైల్ సిస్టీన్ అనే పదార్థాన్ని చేర్చారు. ఇది కళ్లెలోని జిగురు బంధాలను తెంచుతుంది కనుక తక్కువ గాఢత గల క్షారంతోనే పని పూర్తవుతుంది. ఛాతీ వ్యాధులలో కఫాన్ని కరిగించే మందుగా రోగులు తీసుకొనేదీ ఈ పదార్థమే. గడువు కాగానే ఫాస్ఫేట్ ద్రావణం నింపి క్షారం తీవ్రతను అణచి, అపకేంద్రణ యంత్రంలో తిప్పుతారు. కొవ్వు తొడుగు వల్ల క్రిములు తేలికగా ఉంటాయి కనుక యంత్రాన్ని భూమ్యాకర్షణకు మూడు వేల రెట్ల బలంతో తిప్పితేగాని అవి అడుగుకు చేరవు.

ఈ దశలో గడియారమే గురువు. క్షారాన్ని ఎక్కువసేపు ఉంచితే వర్ధనం శుభ్రంగా ఉంటుంది, కాని క్షయ క్రిమి కూడా చనిపోయి రోగికి జబ్బు లేదన్న తప్పుడు ఫలితం వస్తుంది. తక్కువసేపు ఉంచితే ఇతర బాక్టీరియాలు పెరిగి నమూనా పాడవుతుంది. కనుకనే ఘన యానకంపై నూటికి రెండు నుండి ఐదు నమూనాలు పాడవడాన్ని మంచి ప్రయోగశాలకు గుర్తుగా భావిస్తారు. ఒక్కటి కూడా పాడు కావడం లేదంటే అక్కడ క్షారం హద్దు మీరిందేమోనని శంకించవలసి ఉంటుంది. వేసవిలో ఐసు లేకుండా దూరం నుండి వచ్చిన నమూనాలలో పాడయ్యేవి పెరుగుతాయి.

శుద్ధిచేసిన భాగాన్ని కోడిగుడ్లు, గ్లిజరిన్, మాలకైట్ గ్రీన్ మొదలైనవాటితో చేసిన లొవెన్‌స్టీన్-జెన్సన్ యానకంపై ఉంచి, 37 డిగ్రీల వెచ్చదనంలో ఎనిమిది వారాల వరకు కనిపెట్టుకొని ఉంటారు. రొట్టెపొడి రాలినట్లు లేత పసుపురంగు గరుకు గుంపులు కనబడితే క్షయ క్రిములు పెరిగినట్లు భావించి, తదుపరి పరీక్షలతో నిర్ధారిస్తారు. ద్రవ యానకంలో రెండు వారాల ప్రాంతంలోనే తెలియవచ్చు. ఈ పనిలో నిమగ్నులైనవారికి గండం లేకపోలేదు. డబ్బీ మూత తీసినా, యంత్రం ఆగగానే గొట్టం తెరిచినా కంటికి కనబడని తుంపరలు లేస్తాయి. అందుచేత గాలిని వడకట్టే ప్రత్యేక పెట్టెలో చేతులుంచి, ముఖానికి తొడుగు ధరించి పనిచేస్తారు.

భారతదేశంలో ఈ పరీక్షల చరిత్రకు సామాజిక కోణం ఒకటి ఉంది. ఒకప్పుడు క్షయ అంటే శానిటోరియం అనే అర్థం. 1915లో మదనపల్లె సమీపాన వెలసిన ఆరోగ్యవరం అటువంటిదే. అక్కడికి చేరగలిగినవారు కొందరు, చేరలేనివారు కోకొల్లలు. 1963లో డి. బెనర్జీ, ఆండర్సన్ ప్రచురించిన అధ్యయనం కర్ణాటకలోని తుమకూరు జిల్లా గ్రామాలలో క్షయ రోగులను వెదకి పలకరించింది. వారిలో సగానికి పైగా అప్పటికే ఏదో ఒక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి వచ్చినవారేనని తేలింది. వారిలో చాలామందిని దగ్గు మందు సీసా ఇచ్చి పంపివేశారు. కళ్లెను చూసినవారు లేరు. రోగులు నిర్లక్ష్యపరులనే అభిప్రాయాన్ని ఆ అధ్యయనం పటాపంచలు చేసింది. తప్పు రోగి గడప దాటకపోవడంలో కాదు, గడప దాటి వచ్చినవాని కళ్లెను పరీక్షించకపోవడంలో ఉన్నది. గ్రామీణ ఆరోగ్య కేంద్రాలలో సూక్ష్మదర్శిని ఉండాలన్న వాదానికి అది బలం చేకూర్చింది.

2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన జీన్‌ఎక్స్‌పర్ట్ పరీక్ష మరొక మలుపు. కళ్లెకు రెండింతల ద్రావణం కలిపి పదిహేను నిమిషాలు ఉంచి, చిన్న పెట్టెవంటి కార్ట్రిడ్జిలో పోస్తే రెండు గంటలలోపు యంత్రమే క్రిమి జన్యుపదార్థాన్ని గుర్తిస్తుంది. రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు అది లొంగుతుందో లేదో కూడా తెలుపుతుంది. భారతదేశంలో రూపొందిన ట్రూనాట్ యంత్రం బ్యాటరీతో నడుస్తుంది కనుక కరెంటు నిలకడగా లేని కేంద్రాలకు అనువైనది. దీనిని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. క్షయను తొలిసారి నిర్ధారించడానికి ఇప్పుడు వీలైన చోటల్లా ఇటువంటి పరీక్షలకే ప్రాధాన్యమిస్తున్నారు.

అయినా పాత పలక మూలపడలేదు. జన్యుపరీక్ష చనిపోయిన క్రిమిని కూడా ఉన్నట్లే చూపుతుంది కనుక, మందులు వాడుతున్న రోగి కోలుకొంటున్నాడో లేదో తేల్చడానికి అది పనికిరాదు. రెండు నెలల చికిత్స ముగిసినప్పుడు రోగి మళ్లీ ఉదయపు కళ్లెను డబ్బీలో తెస్తాడు. మళ్లీ చీపురు పుల్ల, ఎర్రరంగు, ఆమ్లం, నీలం, నూరు క్షేత్రాలు. పూతలో ఎర్రని గీతలు ఇంకా కనబడితే అవి చచ్చినవో బతికున్నవో పలక చెప్పలేదు. అప్పుడు ఆ కళ్లెను వర్ధన పరీక్షకు పంపి, కోడిగుడ్డు యానకంపై ఏమి మొలుస్తుందోనని ఎదురుచూస్తారు.