మీడియం వేవ్‌కు బొంగురు గొంతు ఎందుకు?

మీడియం వేవ్‌లో వచ్చే పాట దుప్పటి కప్పుకొని పాడినట్టు వినబడడానికి ఏఎం పద్ధతే కారణమని చాలామంది నమ్ముతారు గాని, ఆ లోపంలో పెద్దపాలు రిసీవరుదే. భారతదేశంలో మీడియం వేవ్ స్థానాలు 9 కిలోహెర్ట్జ్‌ల ఎడంతో ఉంటాయి. పక్క స్టేషన్ చొరబడకుండా తయారీదారులు సెట్టు లోపలి 455 కిలోహెర్ట్జ్ వడపోతను ఇరుకు చేయడంతో, దాదాపు 3 కిలోహెర్ట్జ్‌కు పైనున్న ధ్వనులు, అంటే తాళాల గలగల, స, శ అక్షరాల పదును, స్పీకరును చేరకముందే రాలిపోతాయి.

ఏరియల్‌గా పనిచేసే ఫెర్రైట్ కడ్డీ కూడా ఇందులో భాగస్వామే. దాని తీగచుట్ట ఒక ఫ్రీక్వెన్సీని ఎంత పట్టుగా ఎంచుకుంటుందో చెప్పే కొలతను ‘క్యూ’ అంటారు. స్టేషన్ ఫ్రీక్వెన్సీని దానితో భాగిస్తే చుట్ట లోనికి రానిచ్చే వెడల్పు తెలుస్తుంది, అందులో సగమే శబ్దానికి దక్కుతుంది. క్యూ 100 అనుకుంటే, 612 కిలోహెర్ట్జ్‌ల బెంగళూరుకు శబ్దం సుమారు 3 కిలోహెర్ట్జ్ దగ్గరే తగ్గుముఖం పడుతుంది, 900 కిలోహెర్ట్జ్‌ల కడపకు 4.5 దాకా నిలుస్తుంది. ఈ రెండు స్టేషన్లూ వినబడే కుప్పం పట్టణానికి నేరుగా కొలిస్తే బెంగళూరు సుమారు 85 కిలోమీటర్లు, కడప దాదాపు 200. దగ్గరి స్టేషన్ గట్టిగా అందినా తేటగా ఉండకపోవడంలోని తిరకాసు ఇదే. చుట్టకు సమాంతరంగా ఒక రెసిస్టర్ కలిపి క్యూ తగ్గిస్తే సిగ్నల్ కొంత బలహీనపడినా, బలమైన స్టేషన్‌కు ఆ నష్టం లెక్కలోనిది కాదు.

తర్వాతి మెట్టు డిటెక్టర్, అంటే వాహక తరంగం నుంచి శబ్దాన్ని విడదీసే భాగం. మామూలు సెట్లలో ఇది ఒక డయోడ్, ఒక కెపాసిటర్. కెపాసిటర్ పెద్దదైతే శబ్దం వేగంగా దిగేటప్పుడు అది అంత త్వరగా ఖాళీ కాలేక అల అంచును కోసేస్తుంది. రాత్రిపూట కడప నుంచి నేల వెంట వచ్చే తరంగమూ, అయనోస్ఫియర్‌ను తాకి తిరిగొచ్చే తరంగమూ కుప్పంలో కలిసినప్పుడు వాహక తరంగం ఒక్కోసారి క్షీణించి, డయోడ్ శబ్దాన్ని వికృతం చేస్తుంది. వాహకాన్ని సెట్టులోనే కొత్తగా పుట్టించుకునే సింక్రనస్ డిటెక్టర్ ఈ చిక్కును చాలావరకు తప్పిస్తుంది.

మదనపల్లె, పుంగనూరు పట్టణాలు కుప్పం కన్నా దగ్గరగా, కడపకు నేరుగా సుమారు 110, 125 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నందున, పగటి వేళ అక్కడ వడపోతను వెడల్పు చేసుకోవడానికి వీలు ఎక్కువ. అయితే వెడల్పయిన దారిలో పాటతోపాటు ఎల్‌ఈడీ బల్బుల గరగర కూడా వస్తుంది, రాత్రి దూరపు స్టేషన్లు చేరి 9 కిలోహెర్ట్జ్‌ల ఈల మొదలవుతుంది. కడ్డీ కొనను గరగర వచ్చే దిక్కుకు తిప్పితే మొదటిది చాలావరకు అణుగుతుంది, రెండోదానికి ఆ ఒక్క స్వరాన్నే తీసివేసే నాచ్ ఫిల్టర్ కావాలి. కొన్ని ఖరీదైన ట్యూనర్లలో ‘వైడ్’, ‘నారో’ అనే స్విచ్ అమర్చింది ఇందుకే. చౌక సెట్లు మాత్రం ఆ ఎంపికను శ్రోతకు వదలకుండా, రాత్రికి పనికొచ్చే ఇరుకునే పగటికీ అంటగట్టాయి.