ఇల్లు మారుతున్నారా? పాత ఫోన్లు వదిలించుకునే ముందు ఇది చదవండి

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు సొరుగు అడుగున ఎప్పటివో ఫోన్లు, ఛార్జర్లు, పవర్ బ్యాంకులు బయటపడతాయి. తూకానికి ఇచ్చేస్తే పనైపోతుంది అనిపిస్తుంది. కానీ వాటిలో మీ ఫొటోలు, బ్యాంక్ మెసేజ్‌లు ఉన్నాయి కదా!

ఫోన్ పనిచేస్తుంటే ముందు బ్యాకప్ తీసుకోండి. చాలామంది మర్చిపోయేది ఆథెంటికేటర్ యాప్. అందులోని అకౌంట్లను కొత్త ఫోన్‌కి మార్చకుండా రీసెట్ కొడితే, మీ అకౌంట్లు మీకే తెరుచుకోకపోవచ్చు. తర్వాత సెట్టింగ్స్‌లో గూగుల్ అకౌంట్ రిమూవ్ చేసి, అప్పుడు ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. అకౌంట్ ఉండగానే రికవరీ మోడ్‌లో రీసెట్ చేస్తే ఫోన్ మళ్లీ మీ పాస్‌వర్డ్ లేదా లాకే అడుగుతుంది, తీసుకున్నవాళ్లకి అది ఎందుకూ పనికిరాదు. ఐఫోన్‌లో అయితే ఫైండ్ మై ఆఫ్ చేయాలి. సిమ్ తీయమని చెప్పక్కర్లేదనుకుంటా. అసలు ఆన్ కాని ఫోన్ అయితే కంప్యూటర్‌లో గూగుల్ అకౌంట్ తెరిచి, డివైజ్‌ల లిస్ట్‌లో దాన్ని సైన్ అవుట్ చేసేయండి.

బ్యాటరీ ఉబ్బిన ఫోన్ సంగతి వేరు. ‘ఒక్కసారి చూద్దాం’ అని ఛార్జింగ్ పెట్టొద్దు, సామాన్ల లారీలో పెట్టెల కింద అసలే పడేయొద్దు. లిథియం బ్యాటరీ నలిగితే మంటలు రావచ్చు. దాన్ని విడిగా ఉంచి, సర్వీస్ సెంటర్‌కి ముందే ఫోన్ చేసి అడిగి తీసుకెళ్లండి.

2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం రీసైక్లింగ్ బాధ్యత తయారీ కంపెనీలది. కలెక్షన్ సెంటర్ వివరాల కోసం ముందు మీ ఫోన్ కంపెనీ వెబ్‌సైట్‌ చూడండి. తూకానికి ఇచ్చిన ఛార్జర్ వైర్లు చివరికి రాగి కోసం ఎక్కడో తగలబెట్టే చోటికి చేరొచ్చు.