పాత తలుపు, కొత్త రంగు



హోసూరైనా, బళ్లారైనా, బరంపురమైనా, యానామైనా, గడపకు పసుపు పూసి, తలుపుకు రంగు వేస్తేనే మనకు పండగ వచ్చినట్టు. అయితే కొత్త రంగు వేసేముందు పాతది గీకుతాం కదా, జాగ్రత్తపడవలసింది అక్కడే.

వెనుకటి ఎనామిల్ రంగుల్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు రంగుల్లో, సీసం ఎక్కువగా ఉండేది. ఇంటి రంగుల్లో సీసం పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1న అమలులోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగు మీ తలుపు మీద ఇంకా ఉండవచ్చు.

పొడిగా గీకితే ఆ దుమ్ము నేలమీద పడుతుంది. పాకే పసివాడు ఆ చేతినే నోట్లో పెట్టుకుంటాడు. పిల్లి ఒళ్లంతా నాక్కుంటుంది, కుక్క కాళ్లు నాక్కుంటుంది. సీసం కొద్దికొద్దిగా ఒంట్లో చేరినా పసిపిల్లల మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. పైకి మాత్రం ఏమీ కనిపించదు.

మరి ఏం చేయాలంటారా? పెచ్చులూడని రంగును ఊరికే గీకకండి. గీకక తప్పకపోతే కింద పట్టా పరిచి, తలుపు తడిపి, నీళ్లలో వాడే ఉప్పు కాగితంతో రుద్దండి. మంటతో కాల్చి రంగు లేపకండి. చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవండి. పని పూర్తయి, అంతా తుడిచేదాకా పిల్లలను, గర్భిణులను, కుక్కనూ పిల్లినీ అటు రానివ్వకండి.

చివరిగా ఒక్కమాట. రంగు గీకినవారు స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే బిడ్డను ఎత్తుకోండి. ఆ బట్టలు విడిగా ఉతకండి.