చిన్నవారి ఫుట్‌బాలు: బంతిని నిలుపుకొనుటయా, నేరుగా తన్నుటయా?

గడచిన చలికాలమున ఒక సాయంత్రము మన పాఠశాల మైదానమున బాలురు ఫుట్‌బాలు ఆడుచుండగా, గట్టుమీద నిలిచి చూచుచున్న ఒక తండ్రి మమ్ములను సమీపించి, "ఏం సార్, గోలు ముందరుంటే మావాడు బాలు యెనక్కి తంతాండాడేమి?" అని యడిగెను. ఆ మాటలో కొంత కోపమును, కొంత సిగ్గును గలవు. తన కుమారుడు భయపడి బంతిని వదలించుకొనుచున్నాడని ఆయన తలంచెను. ఈల చేతబట్టుకొని ఆటవెంట పరుగిడుచు మేమిచ్చిన ప్రత్యుత్తరము మాకే తృప్తికరముగా లేకపోయెను. ఆ ఋణము తీర్చుకొనుటకై ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

బంతిని ఎదుటివారి గోలు దగ్గరకు చేర్చుటకు ముఖ్యముగా రెండు మార్గములు గలవు. వెనుకనున్న బ్యాకు బంతిని ఎత్తుగా, పొడవుగా తన్ని, ముందున్న ఫార్వర్డుకు ఒక్క దెబ్బతో అందజేయుట మొదటిది. నడుమనున్నవారి తలలమీదుగా బంతి పోవును. పొరపాటు జరిగినను మన గోలునకు దూరముననే జరుగును. దీనిని నేరుగా ఆడుట యందుము. రెండవది, ఒకరికొకరు దగ్గరగా నిలిచి, నేలబారుగా చిన్న చిన్న పాసులిచ్చుకొనుచు, త్రోవ దొరకువరకు బంతిని తమ జట్టులోనే నిలుపుకొనుచు సాగుట. ఇందు బంతిగలవానికి ఎల్లప్పుడును ఇద్దరు తోడివారు అందుబాటున త్రిభుజమువలె నిలువవలయును. ముందు త్రోవ మూసియున్నప్పుడు వెనుకవానికి బంతినిచ్చుట పిరికితనము కాదు. నల్లరేగడి బురదలో బండి దిగబడినప్పుడు తోలువాడు ఎద్దులను ఒక అడుగు వెనుకకు జరిపి మరల తోలుట మన యూరివారందరు ఎరిగినదే. అట్లని ఇంటివరకును వెనుకకే తోలువాడును లేడు. ఆ సంగతి తరువాత చెప్పెదము.

ఈ తగవు క్రొత్తది కాదు. 1872 నవంబరు 30వ తేదీన గ్లాస్గో నగరమున ఇంగ్లండు, స్కాట్లండు దేశముల జట్లు మొట్టమొదట ఎదుర్కొన్నప్పుడు, ఇంగ్లీషువారు ఎవరికివారు బంతిని కాళ్లయొద్దనే యుంచుకొని ఎదిరిని దాటిపోవ జూచిరి. స్కాట్లండువారు శరీరభారమున వారికి తీసిపోయినవారు. ఢీకొని గెలువలేమని యెరిగి, ఒకరికొకరు బంతినందించుకొని యాడిరి. ఆట 0–0 గా ముగిసెను.

అయితే ఈ విద్యను తెలిసికొనుటకు అంత దూరము పోనక్కరలేదు. మన తెలుగు గడ్డమీదనే, హైదరాబాదున, దీనిని నేర్పిన ఉపాధ్యాయుడొకరుండిరి. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం (1909–1963). బడిలో పాఠములు చెప్పు వృత్తినుండి వచ్చి హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకును, భారతదేశపు జట్టునకును శిక్షకులైరి. అందరును ఆయనను రహీం సాహెబు అని పిలుచుచుండిరి. సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా 5 సార్లు బొంబాయిలో రోవర్సు కప్పును గెలిచెను. ఆయన శిక్షణమున మన దేశపు జట్టు 1951లో ఢిల్లీయందును, 1962లో జకార్తాయందును జరిగిన ఆసియా క్రీడలలో బంగారు పతకములను గెలిచెను. 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో నాలుగవ స్థానము పొందెను. 2024లో ఆయన జీవితమునుగూర్చి హిందీలో ఒక చలనచిత్రమును వచ్చినది. కాని చలనచిత్రములు పతకముల కథను చెప్పునంత చక్కగా అభ్యాసపు కథను చెప్పవు. మా బోటి ఉపాధ్యాయులకు కావలసినది ఆ రెండవదియే.

ఆయన నడిపిన పోటీలలో ఒక విధమైన దానియందు బంతిని కాళ్లవెంట త్రిప్పుకొనిపోవుట నిషిద్ధము. అందిన బంతిని వెంటనే మరియొకనికి ఇచ్చివేయవలయును. మరియొక విధమైన పోటీయందు ఆటగాడు తనకు వాటముకాని కాలితోనే ఆడవలయును. పైకి ఇవి వినోదమునకై పెట్టిన నియమములవలె తోచును. కాని ఆలోచింపుడు: బంతి వచ్చిన తరువాత వెదకుకొనుటకు వ్యవధి లేనప్పుడు, అది రాకమునుపే బాలుడు తలయెత్తి, తనవారెక్కడ, ఎదిరులెక్కడ అని చూచుకొనియుండవలయును. నియమము కాళ్లకు పెట్టబడినది, శిక్షణ కన్నులకు గలిగినది. మేమెన్ని మారులు "తలయెత్తి చూడుడురా" అని అరచినను రాని ఫలము ఆ యొక్క నియమమువలన వచ్చును. ఎడమకాలి పోటీకూడ నటువంటిదే. ఒక్క కాలితోనే ఆడనేర్చినవానికి మైదానమున సగము మూసిన తలుపే.

రహీం సాహెబు చిన్న పాసులను నమ్మినవారే గాని వానికి బానిస కాలేదు. 1962లో జకార్తాలో మన జట్టు మొదటి ఆటయందు దక్షిణ కొరియా చేతిలో 0–2 గా ఓడెను. జర్నైల్ సింగ్ అను దృఢకాయుడైన బ్యాకుకు ఆ పోటీలలోనే తలకు గాయమై కుట్లు పడెను. అట్టివానిని ఆయన ముందునకు తెచ్చి సెంటరు ఫార్వర్డుగా నిలిపెను. అంతిమమున అదే దక్షిణ కొరియాను మనవారు 2–1 గా గెలిచిరి. ఒక గోలు పి. కె. బెనర్జీది, మరియొకటి ఆ జర్నైల్ సింగ్‌ది. అవసరమైనప్పుడు బలవంతుని ముందు నిలిపి ఆడుటయు ఆ గురువునకు తెలియును.

నేరుగా ఆడుటను సమర్థించువారికిని లెక్కలు గలవు. ఇంగ్లండు వైమానిక దళమున లెక్కల అధికారియైన చార్లెస్ రీప్ అను నతడు 1950 మొదలు ఆటలను చూచుచు కాగితముమీద ప్రతి పాసును గుర్తువేసికొని, గోలులలో అధికభాగము మూడు పాసులకు మించని ఎత్తుగడలవలననే వచ్చుచున్నవని చెప్పెను. కావున పాసులు తగ్గించి బంతిని త్వరగా ముందునకు తన్నవలెనని ఆ దేశమున అనేకులు నమ్మిరి. ఈ లెక్కలోని మెలకువను మన పై తరగతుల బాలురు కనిపెట్టగలరు. ఆదోని మార్కెట్టునకు వచ్చు పత్తిలో అధికభాగము చిన్న కమతములదే అనుకొందము. అంతమాత్రమున చిన్న కమతమున ఎకరమునకు దిగుబడి హెచ్చని చెప్పవచ్చునా? చిన్న కమతములు సంఖ్యలో హెచ్చై యుండవచ్చును. అట్లే ఫుట్‌బాలులో బంతి మాటిమాటికి చేతులు మారుచుండును గనుక, మూడు పాసులలోపల ముగియు ఎత్తుగడలే అధికము. వానినుండి వచ్చు గోలులును అధికముగా నుండుటలో ఆశ్చర్యము లేదు. ఎన్నింటికి ఎన్ని గోలులు అన్నది అడుగవలసిన ప్రశ్న. తరువాతివారు ఆ ప్రశ్ననడిగియే రీప్ చెప్పినదానిని ఆక్షేపించిరి.

రెండవ పక్షమువారిని మాత్రము మేము తలకెత్తుకొనము. 2010లో స్పెయిను దేశపువారు ప్రపంచ కప్పును చిన్న పాసుల నేర్పుచేతనే గెలిచిరి. నిజమే. 7 ఆటలలో వారు కొట్టిన గోలులు 8 మాత్రమే. చివరి 4 ఆటలును 1–0 గానే గెలిచిరి. అంతటి నిపుణులకే గోలు అంత కష్టమైనప్పుడు, దానిని చూచి మన బాలురు బంతిని ఇటునటు త్రిప్పుటయే ఆట యనుకొన్నచో ప్రమాదము.

ఇంతవరకు పెద్దల ఆట. చిన్నవారి విషయమున అడుగవలసిన ప్రశ్న వేరు. ఎవరు గెలుతురు అని కాదు, ఎవరు నేర్చుకొందురు అని. లెక్క వేయుదము. 30 నిమిషముల ఆటలో 22 మంది బాలురున్నచో, బంతి ఎల్లప్పుడు ఎవరో ఒకరి కాలియొద్దనే యున్నదనుకొన్నను, తలకు ఒకటిన్నర నిమిషమైనను రాదు. నలుగురేసి రెండు జట్లుగా ఆడినచో సుమారు 4 నిమిషములు వచ్చును. ఈ కారణముచేతనే 2012లో ఇంగ్లండు ఫుట్‌బాలు సంఘము చిన్నవారిని ఐదుగురేసి, తరువాత ఏడుగురేసి, 12 ఏండ్లలోపువారిని తొమ్మండుగురేసి చొప్పున చిన్న మైదానములలో ఆడింప నిర్ణయించెను. పొడవుగా తన్ను ఆటలో ఆ ఒకటిన్నర నిమిషమును సమముగా పంచబడదు. బంతి బ్యాకునుండి ఎత్తైన ఫార్వర్డుకు పోవును. నడుమనున్న చిన్నవాడు మెడ పైకెత్తి పక్షిని చూచినట్లు చూచుచుండును. దేవుడు వానికిచ్చిన తలాంతును వాడు కాదు, మేమే భూమిలో పాతిపెట్టుచున్నాము.

ఎత్తైనవానికిని ఇందు నష్టమే కలదు. 13వ యేట కొందరు బాలురు ముందుగా ఎదుగుదురు. వారి బలముమీద జట్టు గెలుచును. 16వ యేటికి తక్కినవారును ఎదిగి వారిని అందుకొందురు. అప్పుడు వానియొద్ద పరుగు తప్ప వేరు విద్య ఉండదు.

ఈ తప్పును మేమే చేసితిమి. కొన్ని సంవత్సరముల క్రిందట మా జట్టున పొడవైన బాలుడొకడుండెను. "వానికి కొట్టుడు" అనునదే మా యుపాయము. వరుసగా గెలిచితిమి; తల్లిదండ్రులు సంతోషించిరి; మేమును ఉబ్బితిమి. పంటలు చాలక ఆ బాలుని కుటుంబము సుగ్గికి, గుంటూరు ప్రాంతమున మిరపకాయలు కోయుటకు, బయలుదేరగా వాడును వెంట పోయెను. మన ప్రాంతమున ఏ ఉపాధ్యాయునకును ఇది క్రొత్త సంగతి కాదు. మిగిలిన పదిమందికి ఒకరికొకరు బంతినిచ్చుకొనుట తెలియదు. తరువాతి ఆటలో వారు అలవాటు చొప్పున బంతిని ఆ ఖాళీ స్థలమునకే తన్నుచుండిరి.

దానికి ప్రాయశ్చిత్తముగా మరుసటి యేడు, పొడవుగా తన్నరాదని కఠిన నియమము పెట్టితిమి. ఇది రెండవ తప్పు. మన నేల పచ్చికబీడు కాదు. వేసవిలో నల్లరేగడి బీటలువారి రాయివలె గట్టిపడును. వానవచ్చినచో కాళ్లకు ముద్దలుగా అంటుకొనును. అట్టి నేలమీద ఒక పోటీలో మా గోలుకీపరు, మేము చెప్పినట్లే, దగ్గరనున్న బ్యాకుకు మెల్లగా బంతినిచ్చెను. బంతి పెళ్లకు తగిలి ఎగిరెను. ఎదిరి బాలుడు దానిని గోలులోనికి నెట్టెను. 1992 మొదలు తనవాడు కాలితో ఉద్దేశించి ఇచ్చిన బంతిని గోలుకీపరు చేతబట్టరాదను నియమమున్నది గనుక, మరల ఆ బ్యాకు వెనుకకిచ్చియు ప్రయోజనము లేకపోయెను. ఆట ముగిసిన తరువాత ఆ గోలుకీపరు కంబము ప్రక్కన కూర్చుండి ఏడ్చెను. "నీ తప్పు కాదు, మాది" అని అందరియెదుట చెప్పితిమి. వాడు నమ్మినాడో లేదో తెలియదు.

ఇప్పుడు మేము నేర్పు క్రమము ఇట్లున్నది. మొదట పదిమందిని రెండు వలయములుగా నిలిపెదము. నలుగురు చుట్టునుండి బంతినిచ్చుకొనవలెను, నడుమనున్న ఒకడు దానిని అందుకొన యత్నింపవలెను. పోగొట్టినవాడు నడుమకు పోవును. తరువాత నలుగురేసి ఆట. అందు 10 నిమిషములు బంతిని కాళ్లవెంట త్రిప్పుకొనిపోరాదు, 10 నిమిషములు వాటముకాని కాలితోనే ఆడవలెను. ఇవి రహీం సాహెబువద్ద అరువు తెచ్చుకొన్నవి. బాలికలు మొదటి దానిని బాలురకంటె త్వరగా నేర్చిరని వ్రాయక తప్పదు. పాసు మెత్తగా ఇచ్చినచో మన నేల దానిని దారి తప్పించును గనుక గట్టిగా, నేలబారుగా ఇచ్చుట నేర్పెదము. మన గోలు ముందర ఎదిరి మీదపడినచో బంతిని దూరముగా తన్నివేయుటకు ఎవరి యనుమతియు అక్కరలేదు.

బంతి అందినవాడు మొదట ముందునకే చూడవలెను. ముందున్నవాడు ఖాళీగా నున్నచో ఆలస్యము చేయక పొడవుగానైనను అందింపవలెను. లేనిచో ప్రక్కకు, అదియు లేనిచో వెనుకకు. ఆనాడు ఆ తండ్రిగారి కుమారుడు చేసినది ఈ మూడవది. వానియెదుట ముగ్గురు నిలిచియుండిరి. వెనుకనున్నవాడు ఖాళీగా నుండెను. వాడు బంతినిచ్చి, నిలువక, ఆ ముగ్గురి ప్రక్కగా పరుగిడెను. బంతి మరల వానికి వచ్చెను. ఆ సమయమున తండ్రిగారు మాతో మాటలాడుచుండుటచేత దానిని చూడలేదు. గోలు మాత్రము రాలేదు. వాడు కుడికాలి కొరకు వెదకుకొనునంతలో బ్యాకు వచ్చి పడెను.

ఎడమకాలి పది నిమిషములు మంగళ, గురువారములందు సాయంత్రము నాలుగున్నరకు ప్రారంభమగును. చూడవచ్చు తల్లిదండ్రులు గట్టుమీద వేపచెట్టు క్రింద కూర్చుండవచ్చును. "తన్నరా!" అని అరవకుండ కూర్చుండవలెనని మాత్రము మా మనవి.