మత్తడి దుంకలేని నీళ్లు

పోచారం ప్రాజెక్టు నిండితే మా ఊళ్లలో సంబురమే. నిజాం కాలంనాటి జలాశయం. నిండగానే నీళ్లు వాటంతటవే మత్తడి దుంకుతాయి. మొన్న కట్ట మీద నిలబడి చూస్తుంటే, అలా వదిలేయడానికి వీల్లేని నీళ్లు గుర్తొచ్చాయి. జపాన్‌లోని ఫుకుషిమావి.

2011 మార్చి 11న భూకంపం, సునామీ కొట్టిన దెబ్బకు అక్కడి అణు విద్యుత్ కేంద్రంలో మూడు రియాక్టర్ల ఇంధనం కరిగిపోయింది. దాన్ని చల్లగా ఉంచడానికి పోసే నీళ్లు కలుషితమవుతాయి. వాన నీరు, భూగర్భ జలం వాటికి తోడు. నేలను గడ్డకట్టించి మంచుగోడ కట్టినా ఊట పూర్తిగా ఆగలేదు. చివరికి వెయ్యికి పైగా ట్యాంకుల్లో 13 లక్షల టన్నులు పోగయ్యాయి.

శుద్ధి యంత్రాలు సీసియం, స్ట్రాన్షియం లాంటివాటిని పట్టేస్తాయి. ట్రిటియం మాత్రం చిక్కదు. అది హైడ్రోజన్‌కే మరో రూపం. నీళ్లలో కలవడం కాదు, నీళ్లే అయిపోతుంది! అందుకే సముద్రపు నీటితో పలుచన చేసి, లీటరుకు 1,500 బెక్వెరెల్ కంటే తగ్గించి, 2023 ఆగస్టు 24 నుంచి సముద్రంలోకి వదులుతున్నారు. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పరిమితి 10,000. అయినా అక్కడి జాలర్లు వద్దన్నారు. చైనా జపాన్ చేపల్ని నిషేధించింది.

లెక్కలు సరే. మా ఎగువన అలాంటి నీళ్లు వదులుతామంటే నేను ఊరుకుంటానా? ఎవరు కొలిచారు, మాకు చూపిస్తారా అని అడగనూ? కరిగిన ఇంధనాన్ని తీసేదాకా కొత్త నీళ్లు ఊరుతూనే ఉంటాయి. అది దశాబ్దాల పని. అంతకాలమూ ఆ జాలర్లకు జవాబు చెబుతూనే ఉండాలి.